పెట్టుకునే నగ వేరు, దాచుకునే బంగారం వేరు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పెళ్ళిళ్ళ రోజులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మన ఇళ్ళలో బంగారం మాట ఎత్తని పూట ఉండదు. ధర పెరిగిందనో, తగ్గుతుందనో, అమ్మాయికి ఇప్పుడే కొనేద్దామనో అనుకుంటూనే ఉంటాం. కొనేటప్పుడు మన నోట వచ్చే మాట ఒకటుంది: "పోనీలెండి, డబ్బు ఎక్కడికి పోతుంది? నగ ఆస్తే కదా!" ఈ వేళ ఆ మాట గురించే మీతో ముచ్చటించాలని వచ్చాను. నగ ఆస్తేనా? ఆస్తి అయితే అందులో ఎంత భాగం ఆస్తి, ఎంత భాగం ముచ్చట? ఈ రెంటినీ విడదీసి చూడటం మనకు తెలియాలి. ఎందుకంటే మనలో చాలామందికి ఇంటి పత్రాల మీద పేరుండదు. బ్యాంకులో ఉన్నది ఇద్దరి పేరనో, ఆయన పేరనో ఉంటుంది. నాది అని గట్టిగా చెప్పుకోవడానికి మిగిలేది మెడలోనూ, చేతికీ ఉన్నదే. దాని విలువ మనకే తెలియకపోతే ఎలా చెప్పండి!

ముందు బంగారం సంగతి చూద్దాం. బంగారం విలువను నిలుపుకుంటుందని తరతరాలుగా ఎందుకు నమ్ముతున్నాం? మెరుస్తుందని కాదు. ఇత్తడీ మెరుస్తుంది. బంగారం ధరను తేల్చడానికి రెండే సంగతులు చాలు, బరువూ, మచ్చూ. త్రాసు ఉంటే బరువు తెలుస్తుంది, గీటురాయి ఉంటే మచ్చు తెలుస్తుంది. ఇప్పుడైతే మిషను మీద పెట్టి నిమిషంలో చెప్పేస్తున్నారు. విజయవాడలో కొన్న గొలుసును వరంగల్లులో అమ్మవచ్చు, దుబాయిలో కొన్న గాజును గుంటూరులో అమ్మవచ్చు. విరిగినా, వంగినా, ఫ్యాషను పాతబడినా కరిగిస్తే మళ్ళీ బంగారమే. కొనేవాడికి మన నగ నచ్చవలసిన పని లేదు. అదీ దాని బలం.

దేశానికే కష్టం వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. 1991లో విదేశీ చెల్లింపులకు మన దగ్గర డాలర్లు నిండుకున్నాయి. అప్పుడు రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాను దేశాల కేంద్ర బ్యాంకులకు తాకట్టు పెట్టి 40 కోట్ల డాలర్ల దాకా అప్పు తెచ్చింది. అప్పిచ్చేవాడికి బంగారం చూపించి ఒప్పించవలసిన అవసరం ఎప్పుడూ రాదు. పచ్చలో, వజ్రాలో తీసుకువెళ్ళి ఉంటే ముందు వాటి ధర తేల్చడానికే నెలలు పట్టి ఉండేవి.

మరి రాళ్ళ సంగతి ఏమిటి? ఇక్కడ చాలామందిని తికమక పెట్టే మాట ఒకటుంది, క్యారెట్. బంగారంలో క్యారెట్ అంటే స్వచ్ఛత. 24 క్యారెట్లు మేలిమి. 22 క్యారెట్లంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం, తక్కినది రాగి, వెండి లాంటి కలుపు. 18 క్యారెట్లంటే 750 పాళ్ళు. అదే రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి క్యారెట్ అంటే బరువు. అయిదు క్యారెట్ల రాయి ఒక గ్రాము తూగుతుంది. పేరు ఒకటే, అర్థం వేరు. "రెండు క్యారెట్ల వజ్రాలండీ" అని కొట్లో అంటే అరగ్రాము కూడా తూగని రాళ్ళ గురించి మాట్లాడుతున్నారన్నమాట. ఇంకొకటి, వజ్రాల నగల్ని ఎక్కువగా 18 క్యారెట్ల బంగారంలోనే పొదుగుతారు, గట్టిగా పట్టి ఉంచుతుందని. కాబట్టి ఆ నగలోని బంగారానికి 22 క్యారెట్ల ధర కట్టుకోకూడదు.

రాయికి ఈ వేళ ఇంత అని పేపర్లో ధర పడదు. ఒకే బరువున్న రెండు పచ్చల్లో ఒకటి వెయ్యి చేస్తే ఇంకొకటి లక్ష చేయవచ్చు. రంగు, నీరు, లోపలి మచ్చలు, కోత, ఏ గనిలోది, నూనె పట్టించారా, వేడి చేశారా, పగుళ్ళలో గాజు నింపారా, ఇన్ని చూడాలి. ఇవి చూడగలిగిన కన్ను మనకు లేదు, మన వీధి చివరి కొట్టువాడికీ ఉండదు. లేబొరేటరీ సర్టిఫికెట్ ఇస్తారు కదా అంటారా? మంచిదే, తీసుకోండి. అయితే పేరున్న లేబొరేటరీ ఇచ్చే కాగితంలో బరువు, రంగు, స్వచ్ఛత, కోత ఇవే ఉంటాయి. ధర ఉండదు. ధర చెప్పేది ఎప్పుడూ ఎదుట నిలబడి కొనేవాడే.

మన హైదరాబాదు కథే చెబుతాను. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ గారి కాలంలో, 1891లో, జాకబ్ అనే వర్తకుడు ఒక పెద్ద వజ్రాన్ని ఆయనకు బేరం పెట్టాడు. దాదాపు 185 క్యారెట్ల రాయి, అంటే 37 గ్రాములు. 46 లక్షలకు బేరం కుదిరి 23 లక్షలు ముందుగా చెల్లించారు. తరువాత పేచీ వచ్చి వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది. రాయి చివరికి నిజాం గారికే దక్కింది గానీ దాని మీద ఆయనకు మోజు పోయింది. ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ గారికి అది తండ్రిగారి పాదరక్షలో దొరికిందనీ, కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద బరువుగా పెట్టుకున్నారనీ చెబుతారు. 1995లో భారత ప్రభుత్వం ఆ వజ్రంతో సహా 173 నిజాం నగల్ని 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ ధర తేలడానికి ఏళ్ళ తరబడి బేరాలూ, కోర్టు వ్యవహారాలూ నడిచాయి. నిజాం వారి రాళ్ళకే అంత తంటా అయితే, మన నెక్లెసులోని చిన్న రాళ్ళ మాట చెప్పాలా!

రాళ్ళకు ఇంకొక గండం ఉంది. మనిషి తయారు చేయగలిగిన రోజున దాని ధర నిలవదు. ముత్యాలనే చూడండి. ఒకప్పుడు ముత్యమంటే సముద్రంలో ప్రాణాలకు తెగించి మునిగి తెచ్చేదే. న్యూయార్కులో 1917లో కార్టియర్ నగల కంపెనీ ఒక రెండు వరుసల ముత్యాల హారాన్ని 10 లక్షల డాలర్లుగా లెక్కగట్టింది. దానికి ఒక వంద డాలర్లు చేర్చి ఇచ్చి, ఒక ధనవంతుడి దగ్గర నుంచి నగరం నడిబొడ్డున పెద్ద మేడనే తీసుకుంది. హారం ఆయన భార్య మెడలోకి వెళ్ళింది. అప్పటికే జపానులో మికిమొటో అనే ఆయన ముత్యపు చిప్పలో పూస పెట్టి ముత్యాన్ని పెంచే విద్య సాధించాడు. 1893లోనే ఆయనకు మొదటి ఫలితం దక్కింది. పెంచిన ముత్యాలు బజారులోకి గంపలకొద్దీ వచ్చాయి. 1930ల నాటికి పర్షియన్ గల్ఫులో ముత్యాల వ్యాపారం కూలిపోయింది. ఆ హారం 1957లో వేలానికి వస్తే లక్షన్నర డాలర్లకు అటూఇటూగా పలికింది. మేడ మాత్రం ఈ నాటికీ ఆ కంపెనీ కిందే ఉంది. చార్మినారు దగ్గర పత్తర్‌గట్టీలో మనం ముచ్చటపడి కొనే ముత్యాలు కూడా ఇప్పుడు చాలావరకు పెంచినవే. అందంగా ఉంటాయి, కట్టుకోండి. ఆస్తి అని మాత్రం అనుకోకండి.

కెంపుల కథా ఇంతే. కృత్రిమంగా కెంపు చేసే పద్ధతి 1902లోనే ఫ్రాన్సులో బయటపడింది. అందువల్ల అమ్మమ్మగారి కాసులపేరులో ఎర్రరాయి ఉందంటే అది బర్మా కెంపే అయి తీరాలని లేదు. పరీక్ష చేయించి చూసుకోవలసిందే.

ఇప్పుడు వంతు వజ్రానిది. లేబొరేటరీలో పెంచిన వజ్రం గాజు కాదు, నకిలీ కూడా కాదు. నిజంగా వజ్రమే. మామూలు కంటికి తేడా తెలియదు, ప్రత్యేకమైన యంత్రాలు కావాలి. ప్రపంచమంతటా గని వజ్రాలమ్మే డి బీర్స్ కంపెనీ తానే 2018లో ఇలాంటి వజ్రాలను క్యారెట్ 800 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ధరలు పడిపోతూ రావడంతో 2025లో ఆ వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది. మన సూరత్‌లోనూ ఇవి పెద్ద ఎత్తున తయారవుతున్నాయి. తక్కువ ధరలో వజ్రపు దిద్దులు పెట్టుకోవాలన్న సరదా తీరడానికి ఇవి బాగానే ఉంటాయి. మనవరాలి చదువుకు అమ్ముకోవచ్చు అనుకుని కొంటే మాత్రం పొరపాటే.

సరే, ఇదంతా పెద్దవాళ్ళ కథ, మనకెందుకు అనుకుంటున్నారేమో. మన కథలోకే వద్దాం. పదో తరగతి లెక్కలు వస్తే చాలు, కాగితం పెన్సిలు తీసుకోండి.

లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము 10 వేలు అనుకుందాం. మీరు ఒక రాళ్ళ నెక్లెసు చూశారు. మొత్తం బరువు 40 గ్రాములు. అందులో రాళ్ళూ, లక్కా కలిసి 8 గ్రాములు. అసలు బంగారం 32 గ్రాములు, అంటే 3 లక్షల 20 వేలు. రాళ్ళకు విడిగా 40 వేలు వేశారు. తరుగు, మజూరీ కలిపి నూటికి 15 చొప్పున 48 వేలు. మొత్తం 4 లక్షల 8 వేలు. దాని మీద నూటికి 3 చొప్పున జి.ఎస్.టి. 12,240. మీరు చెల్లించింది 4,20,240 రూపాయలు.

మర్నాడే అవసరం పడి అమ్మవలసి వచ్చిందనుకోండి. కొట్టువాడు 32 గ్రాముల బంగారానికే ధర కడతాడు. కరిగింపు కింద నూటికి 2 తగ్గించాడనుకుందాం. చేతికి వచ్చేది 3,13,600. రాళ్ళకు చాలాచోట్ల ఏమీ రాదు, "తీసుకెళ్ళండమ్మా" అని పొట్లం కట్టి ఇస్తారు. తరుగూ, మజూరీ, పన్నూ తిరిగి రావు. ఒక్క రాత్రిలో పోయింది 1,06,640. పెట్టిన సొమ్ములో నాలుగో వంతు! ఈ నెక్లెసు మీద పెట్టిన సొమ్ము పెట్టినంతా తిరిగి రావాలంటే బంగారం గ్రాము ధర 10 వేల నుంచి 13,400 దాకా పెరగాలి. అప్పటికి లాభం ఇంకా మొదలవదు.

అదే 32 గ్రాముల సాదా గొలుసు, నూటికి 8 మజూరీతో కొంటే, పన్నుతో కలిపి 3,55,968 అవుతుంది. అమ్మితే వచ్చేది అదే 3,13,600. పోయేది 42 వేల చిల్లర. బిళ్ళలుగా కొంటే ఇంకా తక్కువ పోతుంది. ఒక్క మాట, బ్యాంకులు బంగారు బిళ్ళలు అమ్ముతాయి గానీ తిరిగి కొనవు. వాటిని నగల కొట్లోనే మార్చుకోవాలి.

ఇంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. కొన్ని కొట్లలో రాళ్ళతో కలిపి తూచి మొత్తానికీ బంగారం ధరే వేస్తారు. పై నెక్లెసులో 8 గ్రాముల రాళ్ళకూ, లక్కకూ అలా వేస్తే 80 వేలు! గాజు రాళ్ళను బంగారం ధరకు కొన్నట్టు. అందుకే "నికర బరువు ఎంతండీ?" అని అడగడం నేర్చుకోవాలి. ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. కూరల బజారులో పావుకిలో వంకాయల దగ్గర త్రాసు ముల్లును చూసే మనం లక్షల దగ్గర సిగ్గుపడటం ఎందుకు?

మచ్చు విషయంలో ఇప్పుడు చట్టం మనకు కొంత అండగా ఉంది. 2021 జూన్ నుంచి దేశంలోని చాలా జిల్లాల్లో హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య లేకుండా హాల్‌మార్కు నగ అమ్మకూడదు. నగ మీద మూడు గుర్తులు చూడండి. ఒకటి బి.ఐ.ఎస్. ముద్ర, రెండు 22కె916 లాంటి స్వచ్ఛత అంకె, మూడు ఆ ఆరింటి సంఖ్య. మీ ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ సంఖ్య కొడితే నగ వివరాలు వస్తాయి. పరీక్షలో మచ్చు తక్కువని తేలితే, తగ్గిన మేరకు అయ్యే విలువకు రెండు రెట్లు, పరీక్ష ఖర్చు కలిపి కొన్నవారికి ఇవ్వాలని నిబంధన ఉంది. పాత నగలను కూడా హాల్‌మార్కు కేంద్రానికి తీసుకువెళ్ళి కొద్ది రుసుముతో పరీక్ష చేయించుకోవచ్చు.

అయితే గమనించండి, కుందన్, పోల్కీ, జడావ్ పని నగలకు ఈ తప్పనిసరి నిబంధన వర్తించదు. రాళ్ళు ఎక్కువగా ఉన్న ఆ నగలే మనం ఎక్కువ ధర పెట్టి కొనేవి, వాటి దగ్గరే చట్టం అండ తక్కువ. అలాగే హాల్‌మార్కు మచ్చుకు హామీ గానీ రాళ్ళకు కాదు.

తాకట్టు మాటకు వస్తే, అక్కడా ఇదే లెక్క. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం నగ మీద అప్పు ఇచ్చేటప్పుడు బంగారం విలువే కట్టాలి, రాళ్ళ ఖరీదు కలపకూడదు. నగ పరీక్ష చేసేటప్పుడు మనం ఎదుట ఉండాలి. అప్పు తీర్చాక 7 పని దినాల్లో నగ తిరిగి ఇవ్వాలి, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయల చొప్పున మనకు చెల్లించాలి. 2026 ఏప్రిల్ 1 నాటికల్లా వీటిని అమలు చేయాలని గడువు పెట్టారు. ఈ సంగతులు తెలియక, ఆపదలో ఉన్న ఆడవాళ్ళు కాగితం చదవకుండానే సంతకం పెట్టేస్తుంటారు.

బంగారాన్ని ఆకాశానికి ఎత్తుతున్నానని అనుకోకండి. దానికీ లోపాలున్నాయి. పెట్టెలో పెట్టిన బంగారం పిల్లలు పెట్టదు. వడ్డీ రాదు, అద్దె రాదు. దొంగభయం ఒకటి, లాకరు అద్దె ఒకటి. ధర ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందన్నది కూడా నిజం కాదు. అంతర్జాతీయ మార్కెట్లో 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు చేరిన బంగారం 1999లో 250 చిల్లరకు పడిపోయింది. మళ్ళీ 850 దాటింది 2008లోనే. మన దగ్గరే 2013 ఆగస్టులో 10 గ్రాములు 30 వేలు దాటి, 2015 జూలై నాటికి 25 వేల దగ్గరకు దిగింది. 2025 ఏప్రిల్‌లో మేలిమి బంగారం 10 గ్రాములు లక్ష దాటిందంటే నిజమే, ఓపిక పట్టినవాళ్ళకు ఫలితం దక్కింది. మధ్యలో అమ్ముకోవలసి వచ్చినవాళ్ళ సంగతి వేరు. అందుకని ఇంట్లో ఉన్న సొమ్మంతా బంగారంలో పెట్టడం తగదు. ఆరు నెలల ఖర్చుకు సరిపడా బ్యాంకులో ఉంచి, ఆ తరువాతే బంగారం మాట.

ఇక మనం చేయవలసినవి చెబుతాను. మొదటిది, కొనే ముందు మనసులో తేల్చుకోండి: ఇది పెట్టుకోవడానికా, దాచుకోవడానికా? పెట్టుకోవడానికైతే రాళ్ళ నగ కొనుక్కోండి, అందం చూసుకోండి. అది పట్టుచీర కొన్నట్టే. చీరను తిరిగి అమ్మాలని ఎవరమూ అనుకోం కదూ! దాచుకోవడానికైతే సాదా గొలుసు, సాదా గాజులు, బిళ్ళలు. రాయి వద్దు, లక్క వద్దు, ఎక్కువ పనితనం వద్దు. షేరు మార్కెట్టు ఖాతా ఉన్నవారు గోల్డ్ ఈ.టి.ఎఫ్. లాంటి కాగితపు బంగారాన్ని కూడా చూడవచ్చు, మజూరీ ఉండదు. ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన బంగారు బాండ్ల కొత్త విడుదల మాత్రం 2024 ఫిబ్రవరి తర్వాత ఆగింది.

రెండవది, బిల్లు. మొత్తం బరువు, రాళ్ళ బరువు, నికర బరువు, స్వచ్ఛత, రాళ్ళ ఖరీదు, మజూరీ, పన్ను విడివిడిగా రాయించుకోండి. బరువు గ్రాముల్లోనే అడగండి. పాత తులం 11.66 గ్రాములైతే ఇప్పుడు కొట్లలో 10 గ్రాములనే తులం అంటున్నారు. కాసు అంటే 8 గ్రాములు. తులాల్లో, కాసుల్లో మాట్లాడుకుంటే మోసపోయేది మనమే.

మూడవది, ఆ బిల్లు మీ పేరున రాయించుకోండి. పుట్టింటివారు పెట్టినవీ, పెళ్ళిలో కానుకగా వచ్చినవీ స్త్రీధనం. అత్తవారింట బీరువాలో ఉన్నా అది ఆమె సొత్తేనని సుప్రీంకోర్టు 1985లోనే తీర్పు చెప్పింది. కానీ ఏది ఎవరిదో తేలాలంటే కాగితం కావాలి. ఒక నోటుపుస్తకంలో ప్రతి నగ పేరు, నికర బరువు, ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని రాసుకోండి. ఫోటో తీసి అతికించండి.

మా పరిచయస్తుల్లో ఒకావిడ ఉన్నారు. భర్త ఆసుపత్రిలో ఉండగా రాళ్ళ హారం పట్టుకుని కొన్న కొట్టుకే వెళ్ళారు. అయిదు లక్షలు వస్తాయని లెక్క వేసుకున్నది మూడు లక్షల చిల్లరకు తేలింది. ఆ సమయంలో ఆవిడకు బేరమాడే ఓపిక ఎక్కడిది? అదే పెట్టెలో ఆవిడ అమ్మగారు పెట్టిన నాలుగు సాదా గాజులున్నాయి. అవి తూచి, ఆ రోజు ధర కట్టి, గంటలో డబ్బు చేతిలో పెట్టారు. ఆసుపత్రి బిల్లుకు ఆదుకున్నవి ఆ గాజులే.

కాబట్టి ఈ వారంలో ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుని మీ పెట్టె తెరవండి. రాళ్ళవి ఒక పక్క, సాదావి ఒక పక్క పెట్టండి. సాదావాటి బరువు రాసుకోండి. ఆపద సమయంలో మీరు నమ్ముకోగలిగింది ఆ అంకెనే. రెండోపక్క ఉన్నవాటిని కట్టుకుని పేరంటాలకు వెళ్ళండి, సంతోషించండి. పెళ్ళికెదిగిన అమ్మాయి ఉంటే ఆ మధ్యాహ్నం పక్కనే కూర్చోబెట్టుకుని నోటుపుస్తకం ఆమె చేతే రాయించండి. నగతో పాటు ఆ లెక్క కూడా ఆమెకు అందాలి.